కారంచేడు పొలం సముద్రానికి ఎంత ఎత్తు?

రైల్వే స్టేషన్లలో ఊరి పేరు రాసిన పసుపు బోర్డు కింది భాగాన, ఆ చోటు సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో రాయడం మన దేశంలో పాత ఆనవాయితీ. చీరాల, బాపట్ల, తెనాలి, రేపల్లె అన్నీ కృష్ణా పడమటి డెల్టా ఊళ్లు కాబట్టి అక్కడ ఆ అంకెలు చిన్నవి. రైలెక్కే తొందరలో వాటిని చూసేవాళ్లు తక్కువ. ఇప్పుడు చీరాల నుంచి కాస్త లోపలికి వెళ్లి కారంచేడు పొలం గట్టు మీద, భూముల సర్వేలో వాడే రోవర్ పరికరాన్ని నిలబెట్టి చూడాలి. ఉపగ్రహాల సంకేతాలను బట్టి అది నేరుగా లెక్కగట్టే ఎత్తు మైనస్ గుర్తుతో వస్తుంది. అదీ అరమీటరో మీటరో కాదు, డెబ్భై మీటర్లకు మించే! కొన్ని ఫోన్ యాప్‌లు కూడా ఈ తీరప్రాంతంలో ఇలాంటి మైనస్ అంకెలే చూపిస్తాయి.

పరికరం చెడిపోలేదు. రైల్వే బోర్డూ తప్పు కాదు. ఒకటి సముద్రం నుంచి కొలిచిన ఎత్తు, రెండోది భూమి ఆకారానికి శాస్త్రవేత్తలు కట్టిన లెక్క నుంచి కొలిచిన ఎత్తు. ఈ రెండింటి మధ్య అంత దూరం ఎందుకొచ్చిందో తెలియాలంటే, భూమి ఎంత పెద్దది, ఏ ఆకారంలో ఉంది అని మనిషి కొలుస్తూ వచ్చిన కథలోకి వెళ్లాలి. ఆ కథలో తెలుగు నేలది చిన్న పాత్రేమీ కాదు.

భూమి నిండైన గోళం కాదు. తన చుట్టూ తాను తిరగడం వల్ల నడుము దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర నొక్కుకుపోయింది. కేంద్రం నుంచి భూమధ్యరేఖకు 6,378.137 కిలోమీటర్లు. ధ్రువానికి 6,356.752 కిలోమీటర్లు. తేడా 21 కిలోమీటర్ల పైచిలుకు. ఈ నొక్కును 1/298.257 అనే భిన్నంతో చెబుతారు. కారంచేడు దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, అక్కడి పొలం నుంచి భూమి కేంద్రానికి సుమారు 6,376 కిలోమీటర్లు. ఈ కొలతలతో గీసిన నున్నటి ఆకారాన్ని ఎలిప్సాయిడ్ అంటారు. కొండలు, లోయలు, సముద్రాలు ఏవీ అందులో ఉండవు. జీపీఎస్ చెప్పే ఎత్తుకు మొదటి ఆధారం అదే.

ఈ అంకెలు ఉపగ్రహాలు రాకముందు కూడా ఉన్నాయి, కాకపోతే కాస్త వేరుగా. 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సర్వేయరు విలియం లాంబ్టన్ ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ల గీతను కొలిచాడు. నేల మీద కొలిచిన ఆ ఒక్క గీత ఆధారంగా, ఆపైన కోణాలు మాత్రమే కొలుస్తూ త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ పోయాడు. మధ్యమధ్యలో లెక్క సరిచూసుకోవడానికి మళ్లీ గొలుసు పట్టేవాడు. 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదర్ సమీపంలోని దామరగిద్ద దగ్గర అలాగే కొలిచాడు. తర్వాత హైదరాబాదు ఆయన మకాం అయింది. అక్కడికే 1818 చివర్లో జార్జ్ ఎవరెస్ట్ సహాయకుడిగా వచ్చి చేరాడు.

మరుసటి ఏడే కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో సర్వేకి ఎవరెస్టును పంపారు. ఎల్లాపురం అడవుల్లో ఆయనకూ, వెంట వచ్చిన మనుషులకూ విషజ్వరం తగిలింది. మోతగాళ్ల భుజాల మీద వాళ్లను హైదరాబాదుకు చేర్చాల్సి వచ్చింది. కొందరు ప్రాణాలతో తిరిగి రాలేదు. భూగోళ శాస్త్ర పుస్తకాల్లో ఎవరెస్ట్ పేరు శిఖరం దగ్గర కనిపిస్తుంది గానీ, జెండాలు పట్టుకుని కొండలెక్కినవాళ్ల, గొలుసులు మోసినవాళ్ల పేర్లు చాలావరకు ఎక్కడా లేవు. భూమి నొక్కు ఎంతో తేల్చిన లెక్కలో వాళ్ల కష్టం సగానికి తక్కువ కాదు.

ఆ కొలతల మీద ఆధారపడి ఎవరెస్ట్ 1830లో భూమధ్యరేఖ వ్యాసార్ధం 6,377.276 కిలోమీటర్లనీ, నొక్కు 1/300.8 అనీ తేల్చాడు. నేటి అంకెతో పోలిస్తే వ్యాసార్ధంలో తేడా ఒక కిలోమీటరు కూడా లేదు. గొలుసుతో, దుర్భిణితో సాధించిన ఆ కచ్చితత్వం ఇప్పటికీ గౌరవించదగినది. మన దేశపు పటాలు నూట యాభై ఏళ్లకు పైగా ఆ లెక్క మీదే నడిచాయి. 2005లో జాతీయ పటాల విధానం వచ్చాకనే సాధారణ వాడకానికి ఉపగ్రహాల లెక్కకు సరిపడే పటాలను వేరుగా తయారు చేయడం మొదలైంది.

అయితే నేల మీద కొలిచే పద్ధతికి ఒక హద్దు ఉంది. ఎవరెస్ట్ గీసిన ఆకారం భారతదేశపు నేలకు చక్కగా అతికింది. కానీ దాని కేంద్రం అసలు భూమి కేంద్రానికి 800 మీటర్లకు పైగా పక్కకు పడింది. భూమిలో ఒక మూల కూర్చుని కొలిచినప్పుడు కేంద్రం ఎక్కడుందో తెలిసే దారి లేదు. పైగా తాపీమేస్త్రీ వాడే తూకపు గుండు లాంటిదే సర్వేయరుకూ ఆధారం. ఆ గుండు దారం ఎలిప్సాయిడ్‌కు సరిగ్గా నిట్టనిలువుగా ఉంటుందని నమ్మి లెక్కలు కడతారు. హిమాలయాల దగ్గరికి వెళ్తే కొండల బరువు ఆ గుండును కొంచెం తన వైపు లాగుతుంది. ఎంత లాగాలో లెక్క కడితే, నిజంగా లాగినది అంతకన్నా తక్కువని తేలింది. 1855లో ప్రాట్, ఎయిరీ అనే ఇద్దరు ఈ చిక్కుముడికి జవాబులు వెతికారు. కొండల కింద లోతుల్లో తేలిక రాయి ఉండాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. గురుత్వాకర్షణ ప్రతిచోటా ఒకేలా ఉండదని, నేల కింద దాగిన బరువులు నిలువు గీతను కూడా వంచుతాయని స్పష్టమైంది.

కేంద్రం సంగతి తేల్చింది ఉపగ్రహమే. ఉపగ్రహానికి దేశమూ తెలియదు, పటమూ తెలియదు. అది భూమి బరువుకు కేంద్రం ఎక్కడుందో దాని చుట్టే తిరుగుతుంది. 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్ పైకి వెళ్లింది. అది పంపిన రేడియో కూత దగ్గరికి వచ్చేటప్పుడు హెచ్చుగా, దూరమయ్యేటప్పుడు తగ్గుగా వినిపించడాన్ని బట్టి అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు దాని దారిని లెక్కగట్టారు. దారి తెలిస్తే, ఆ దారిని వంచుతున్న భూమి ఆకారమూ తెలుస్తుంది. నడుము ఉబ్బు ఉన్నందువల్ల ఉపగ్రహం తిరిగే తలమే మెల్లగా పక్కకు తిరిగిపోతుంటుంది. ఎంత వేగంగా తిరుగుతోందో చూస్తే ఉబ్బు ఎంతో తేలిపోతుంది. స్పుత్నిక్ 2 కక్ష్యను గమనించి, 1958లోనే నొక్కు 1/298 దగ్గర ఉందని చెప్పగలిగారు. అప్పటిదాకా అంతర్జాతీయంగా వాడిన 1/297 పక్కకు పోయింది. వందేళ్ల నేల కొలతలు తేల్చలేని తేడాను ఏడాదిలోపు తేల్చడం చిన్న విషయం కాదు.

ఆ ఉబ్బును శ్రీహరికోట నుంచి వెళ్లే ఉపగ్రహాలు పనికి కూడా వాడుకుంటున్నాయి. పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లే దూరసంవేదన ఉపగ్రహాలు చాలావరకు ధ్రువాల మీదుగా తిరుగుతాయి. వాటి కక్ష్యా తలం రోజుకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున తిరిగేలా ఎత్తునూ వాలునూ ఎంచుతారు. సూర్యుడి చుట్టూ భూమి కదిలే వేగమూ అంతే. అందుకే ఉపగ్రహం ఏ ఊరి మీదికి వచ్చినా రోజులో దాదాపు అదే వేళకు వస్తుంది, ఈసారి ఫొటోను పోయినసారి ఫొటోతో పోల్చడం కుదురుతుంది. భూమి నిండైన గోళమై ఉంటే ఈ సౌకర్యం ఉండేది కాదు. హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం వరద ముంపు పటాలు గీసినప్పుడు, వాటి వెనక భూమి నడుము ఉబ్బు కూడా ఉంది.

1958 మార్చి 17న వెళ్లిన వాన్‌గార్డ్ 1 బరువు కిలోన్నర లోపే. దాని కక్ష్యలోని చిన్న ఒడిదుడుకుల వల్ల ఇంకో విషయం బయటపడింది. భూమి ఉత్తర ధ్రువం దగ్గర కొద్దిగా పైకి, దక్షిణాన కొద్దిగా లోపలికి ఉంది. తేడా కొన్ని పదుల మీటర్లే. అది మొదలుకొని ప్రశ్న మారింది. ఎంత నొక్కు అని కాక, ఎక్కడెక్కడ ఎంత ఎగుడు, ఎంత దిగుడు అని కొలవడం మొదలైంది.

ఇక్కడే జియాయిడ్ అనే మాట వస్తుంది. అలలు, పోటుపాట్లు, గాలులు లేకుండా సముద్రం పూర్తిగా నిమ్మళంగా ఉందనుకుంటే, ఆ నీటి ఉపరితలాన్ని నేల కిందుగా కూడా కొనసాగిస్తే వచ్చే ఆకారం అది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి రెండు గోడల మట్టం కలుపుకుంటాడు. జియాయిడ్ అంటే ప్రపంచమంతా పరుచుకున్న అలాంటి నీటి మట్టమే. అది నున్నగా ఉండదు. నేల లోపల బరువైన పదార్థం ఉన్నచోట నీటిని తన వైపు లాక్కుని ఉబ్బుతుంది, తేలికైన చోట కుంగుతుంది. న్యూగినీ దగ్గర ఎలిప్సాయిడ్ కన్నా ఎనభై మీటర్లకు పైగా ఉబ్బి ఉంటుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద కుంగు మాత్రం మన దక్షిణానే, శ్రీలంకకు కింద హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడ సముద్రం ఎలిప్సాయిడ్ కన్నా 106 మీటర్లు కిందికి దిగి ఉంటుంది.

ఈ కుంగును 1948లో డచ్చి శాస్త్రవేత్త వేనింగ్ మైనెస్ ఓడ మీద గురుత్వాకర్షణ కొలుస్తూ గుర్తించాడు. దాని పూర్తి రూపాన్ని ఉపగ్రహాలే చూపించాయి. కారణం ఏమిటన్నదానిపై చాలాకాలం వాదాలు నడిచాయి. 2023లో బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన దేబాంజన్ పాల్, అత్రేయీ ఘోష్ ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆఫ్రికా కింది లోతుల నుంచి పైకి లేచిన వేడి, తేలిక పదార్థం దీనికి ముఖ్య కారణం. కోట్ల ఏళ్ల క్రితం టెథిస్ సముద్రపు అడుగు పలకలు భూమి లోపలికి మునగడం ఆ పదార్థాన్ని కదిలించిందని వాళ్ల లెక్క.

ఆ కుంగు అంచులు లంక దగ్గర ఆగిపోలేదు. దక్షిణ భారతమంతా దాని వాలులోనే ఉంది. కారంచేడు దగ్గర జియాయిడ్ ఎలిప్సాయిడ్‌కు డెబ్భై మీటర్లకు మించి కిందుగా ఉండటానికి కారణం ఇదే. రోవర్ చూపే మైనస్‌లోంచి ఈ లోతును తీసేస్తే, మిగిలేది రైల్వే బోర్డు మీద ఉండేలాంటి చిన్న ప్లస్ అంకె. ఆ వాలును ఏ పడవవాడూ గమనించడు. నీళ్లు అటు పారిపోవు. ఎందుకంటే ఎటు కింద, ఎటు పైన అని చెప్పేది గురుత్వాకర్షణే, ఆ సముద్రం దానికి తగ్గట్టే సర్దుకుని ఉంది.

రైల్వే బోర్డు వెనకున్న సముద్ర మట్టం కూడా ఊరికే వచ్చింది కాదు. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూరు, కొచ్చి, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒడిశా తీరంలోని ఫాల్స్ పాయింట్, ఈ తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి పోటుపాట్లు కొలిచి సగటు కట్టి, 1909లో దేశానికంతటికీ ఒక మట్టాన్ని స్థిరపరిచారు. అక్కడి నుంచి లెవెల్ పరికరం, కొలబద్ద పట్టుకుని అడుగడుగునా కొలుచుకుంటూ లోపలి ఊళ్లకు ఎత్తులు మోసుకొచ్చారు. ఇప్పుడు సముద్రాన్ని రేవుల దగ్గరే కాక నడిమధ్యలో కూడా కొలవవచ్చు. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ ఉపగ్రహం ఆ పనికే తయారైంది. భారత్, ఫ్రాన్స్ కలిసి చేసిన ఆ ఉపగ్రహం కిందికి రాడార్ కిరణం పంపి, అది నీటిని తాకి తిరిగొచ్చే సమయాన్ని బట్టి సముద్రపు ఎత్తును లెక్కగడుతుంది.

సముద్రం లేని చోట గురుత్వాకర్షణనే నేరుగా కొలవాలి. 2002లో అమెరికా, జర్మనీ కలిసి పంపిన గ్రేస్ జంట ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి దాదాపు 220 కిలోమీటర్ల దూరంలో పరుగెత్తేవి. కింద బరువు ఎక్కువున్న చోటికి రాగానే ముందున్నది కాస్త ముందుకు లాగబడుతుంది, దూరం మారుతుంది. ఆ మార్పును మిల్లీమీటరులో వెయ్యో వంతు స్థాయిలో పట్టుకునేవారు. దాంతో భూమి ఆకారమే కాదు, నేలలోని నీటి బరువు కూడా బయటపడింది. పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌లలో 2002 నుంచి 2008 వరకు 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం తరిగిపోయిందని 2009లో ప్రచురించారు. మన లెక్కలో అది సుమారు 3,850 టీఎంసీలు. నాగార్జునసాగర్ కట్టినప్పటి సామర్థ్యం 408 టీఎంసీలన్నది గుర్తుచేసుకుంటే ఎంత నీరో అర్థమవుతుంది. ఐరోపా వాళ్ల గోచె ఉపగ్రహం 2009లో వెళ్లి జియాయిడ్‌ను సెంటీమీటర్ల కచ్చితత్వానికి తెచ్చింది. చిత్రంగా వాన్‌గార్డ్, గ్రేస్, గోచె మూడూ బయల్దేరింది మార్చి 17నే.

ఇంత పరిజ్ఞానం పొలం గట్టు దాకా రావడం ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 21న మొదలైంది. జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో భూముల రీసర్వేకి ఆ రోజు శ్రీకారం చుట్టారు. అంతకుముందు వాడుకలో ఉన్న సర్వే రాళ్లు, ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) పటాలు వందేళ్ల నాటి గొలుసు కొలతలవి. రాయి కదిలితే, డొంక ఆక్రమణకు గురైతే, తగవు పెద్దమనుషుల దాకానో కోర్టు దాకానో వెళ్లాల్సిందే. రీసర్వేలో సర్వే ఆఫ్ ఇండియా తోడ్పాటుతో ఉపగ్రహ సంకేతాలను ఎప్పుడూ అందుకునే శాశ్వత జీఎన్‌ఎస్‌ఎస్ కేంద్రాలు నెలకొల్పారు. వాటి స్థానం ముందే కచ్చితంగా తెలుసు కాబట్టి, ఉపగ్రహ సంకేతాల్లో ఆ క్షణాన ఎంత తప్పు ఉందో అవి కనిపెట్టి మొబైల్ నెట్‌వర్క్ మీదుగా పొలంలోని రోవర్‌కు చెబుతాయి. మామూలు ఫోన్‌లో కొన్ని మీటర్లుండే తేడా అలా కొన్ని సెంటీమీటర్లకు దిగుతుంది. సెంటు భూమి అంటే 48.4 చదరపు గజాలు. ఆ కొద్ది నేల కోసమే తరాలు పగలు పెంచుకున్న ఊళ్లలో ఈ కచ్చితత్వానికి చాలా విలువ ఉంది.

ఇంకో మెలిక కూడా ఉంది. మన నేల కుదురుగా లేదు. హైదరాబాదు ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలో ఉన్న జీపీఎస్ కేంద్రం ప్రపంచ కేంద్రాల వలయంలో ఒకటి. భారత ఫలకం ఈశాన్యంగా ఏటా సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతోందని అక్కడి కొలతలు చూపుతున్నాయి. రీసర్వే మొదలైన నాటి నుంచి కారంచేడు పొలమూ పావు మీటరుకు అటూ ఇటూగా జరిగిపోయింది. గట్టు, రాయి, ఆధార కేంద్రం అన్నీ కలిసే కదులుతున్నాయి కాబట్టి తగవులు రావు. లెక్కల్లో మాత్రం ఏ తేదీ నాటి స్థానమో రాసి ఉండాలి.

హద్దుల విషయంలో ఉపగ్రహం ఇంత మేలు చేసింది. డెల్టాకు అంతకన్నా పెద్ద అవసరం ఎత్తు. ప్రకాశం బ్యారేజీ దగ్గర పూర్తి నీటిమట్టం 57.05 అడుగులు, అంటే 17 మీటర్ల చిల్లర. అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ ద్వారా కారంచేడు ప్రాంతానికి నీళ్లు దాదాపు తొంభై కిలోమీటర్లు రావాలి. కిలోమీటరుకు ఇరవై సెంటీమీటర్ల వాలు కూడా దొరకదు. శివారు రైతుకు ఎండాకాలంలో నీళ్లు చివరగా అందుతాయి, వానాకాలంలో మాత్రం ఎగువ పొలాల నీళ్లన్నీ అతని మీదికే వస్తాయి. మురుగు కాలువ మట్టం ఒక జానెడు తప్పినా, సముద్రపు పోటు ఎదురు తన్నే వేళ చేలల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోతాయి. జియాయిడ్ కూడా దక్షిణానికి వెళ్లే కొద్దీ కిందికి దిగుతుంటుంది. రోవర్ చూపిన ఎలిప్సాయిడ్ ఎత్తులను నేరుగా నమ్మి కాలువ తవ్వితే, కాలువ వాలు ఏమిటో, జియాయిడ్ వాలు ఏమిటో విడదీయలేం.

డెల్టా కూడా కుంగుతోంది. 2009లో నేచర్ జియోసైన్స్‌లో వచ్చిన అధ్యయనం ప్రపంచంలో ముప్పున్న డెల్టాల్లో కృష్ణా, గోదావరులను కూడా చేర్చింది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక నుంచి రాడార్‌తో తీసిన ఎత్తుల పటం అందులో ఒక ఆధారం. నది తెచ్చే ఒండ్రు శ్రీశైలం, సాగర్ లాంటి జలాశయాల్లో ఆగిపోతే డెల్టాకు పై నుంచి కొత్త మట్టి చేరదు, ఉన్న మట్టి తన బరువుకు తానే అణగారుతుంటుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద దిగువకు వెళ్లినప్పుడు, రేపల్లె, కొల్లూరు వైపు లంక గ్రామాలు ఎంత నీట మునిగాయో బాపట్ల జిల్లా చూసింది. ఏ ఊరు ఎంత ఎత్తులో ఉందన్నది అక్కడ ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన నైసార్ ఉపగ్రహం ఈ కుంగుబాటును కొలవడానికి పనికొస్తుంది. ఇస్రో, నాసా కలిసి తయారు చేసిన దీని రాడార్లలో ఒకదాని తరంగం పొడవు 24 సెంటీమీటర్లు. అంత పొడవు తరంగం కాబట్టి పచ్చని పైరు ఆకులు అడ్డొచ్చినా చాలావరకు నేల కదలికను పట్టగలదు. 12 రోజులకోసారి అదే చోటుకు తిరిగొచ్చి, పోయినసారికీ ఇప్పటికీ నేల సెంటీమీటర్లలో ఎంత దిగిందో పోలుస్తుంది.

2022 డిసెంబర్‌లో వచ్చిన జాతీయ జియోస్పేషియల్ విధానం 2030 నాటికి మైదానాలకు 25 సెంటీమీటర్ల నాణ్యతతో ఎత్తుల పటం సిద్ధం చేయాలంటోంది. దేశంలో చాలా చోట్ల అది గొప్ప ముందడుగే. చీరాల ప్రాంతపు రొంపేరు మురుగు కాలువ పక్కన పొలాలకు మాత్రం అది చాలదు. అక్కడ కాలువ అడుగు మట్టం తేల్చాలంటే ఉపగ్రహపు లెక్కకు తోడు, ఈ డెల్టా కోసమే నేల మీద గురుత్వాకర్షణ కొలిచి సరిదిద్దిన జియాయిడ్ కావాలి. పాత బెంచ్‌మార్కులు వెతికి పట్టుకుని లెవెల్ పరికరంతో మళ్లీ కొలిచే మనుషులూ కావాలి.